బయటి తాళం

వానాకాలం మొదలయ్యే ముందు మా వీధిలో ఒక ఫారం పంచారు. వరదొస్తే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకునే కాగితం అది. ఇంట్లో ఎంతమంది, మంచం పట్టినవాళ్లున్నారా, ఎవరికైనా షుగరుందా, మెట్లు ఎక్కగలరా, ఆధార్ కార్డూ పాసుపుస్తకమూ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నారా, అన్నిటికీ గళ్లున్నాయి. తొమ్మిది గళ్లు పది నిమిషాల్లో నింపేశాను. "ఇంట్లో ఎంతమంది" అన్నచోట ఒకటి వేసేటప్పుడు మాత్రం పెన్ను కాస్త ఆగింది. పదో గడి దగ్గర పూర్తిగా ఆగిపోయాను. "మీ ఇంటి రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?"

పదిహేను రోజులు ఆ కాగితం కుట్టుమిషను సొరుగులోనే ఉంది. ఆ రోజుల్లో రెండుసార్లు గేటు దగ్గర ఎవరో వచ్చి నిలబడి వెళ్లిపోయిన అలికిడి వినబడింది. ఫారం కోసం వచ్చిన సచివాలయం అమ్మాయేనని పలక్కుండా ఊరుకున్నాను. చివరికి ఒకనాడు గేటు తీసి వాకిలి ఊడుస్తుంటే నిజంగానే వచ్చి పట్టుకుంది.

"ఏమక్కా, వీధిలో అందరివీ వచ్చినాయి. నీదొక్కటే ఉండాది. ఒక్క పేరు రాసేదానికి ఇన్ని దినాలా?"

"రాస్తాలే, పో" అని కసురుకున్నాను. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని పోయింది. నా నోటికి మొదట్నుంచీ కసరడమే తొందరగా వస్తుంది. రాయడానికి పేరు లేక కాదు. ఒక పేరుంది, గోడకవతలే ఉంది. కానీ ఆ పేరు రాయాలంటే ముందు పోయి ఆ మనిషి ఎదుట నిలబడి, పన్నెండేళ్ల కిందట నేను చేసిన పని ఒప్పుకోవాలి. అంత ధైర్యమే ఉంటే ఈ వయసుకి నా గతి ఇలా ఎందుకుంటుంది?

మాది కంబదూరు పక్క. అక్కడ పొలంలో వేసిన బోర్లన్నీ దుమ్ము కక్కాక నాయన విసిగి, బుక్కరాయసముద్రం దాటాక ఎండిపోయిన వంక ఒకటుంటే దాని పక్కన స్థలం తీసుకుని రెండు గదుల మిద్దె కట్టాడు. వంక అంటే పేరుకే. మేం వచ్చేనాటికి అందులో ఆటోలు నిలుపుకునేవాళ్లు, శనక్కాయలు ఆరబోసేవాళ్లు. అందులో నీళ్లు పారడం చూసినవాళ్లు వీధిలో ఒక్కరూ లేరు. అమ్మ అప్పటికే లేదు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకి టైము దొరకలేదని చెబుతాను. ధర్మవరం పట్టుచీరలకు కుచ్చులు వేయడం నా పని. ఊళ్లోవాళ్ల పెళ్లి చీరలన్నీ నా చేతుల మీదుగానే పోతాయి, అది వేరే సంగతి.

వాకిలి బండలు పరిచేటప్పుడు నాయనకూ మేస్త్రీకీ పెద్ద గొడవైంది. ఎక్కడైనా వాకిలి వాలు వీధి వైపుకి ఉంటుంది. నాయన ఇంటి వైపుకి పెట్టమన్నాడు.

"వాలు లోపలికి పెడితే ఇల్లంతా తేమ గాదాన్నా?" అన్నాడు మేస్త్రీ.

"తేమా? ఈ సీమలో తేమకి భయపడేటోణ్ణి నిన్నే చూసినా. నీళ్లు లోపలికే రావల్ల. ఒక్క చుక్క వీధిలోకి పోయిందంటే నిన్ను ఈడ్నుంచి కదలనీను, చూసుకో!"

అలా మా వాకిలి లోపలికే వాలింది. మిద్దె మీద పడిన వాన, వాకిట్లో పడిన వాన, గేటు కింద సందులోంచి వీధి నుంచి వచ్చే వాన, అంతా వచ్చి వాకిలి మధ్యనున్న సంపులో పడేది. సంపుకి ఇనప మూత, మూతకి తాళం. నీళ్లకు తాళమేంటని నీళ్లున్న ఊళ్ల నుంచి వచ్చిన చుట్టాలు నవ్వేవాళ్లు. మా వీధిలో డ్రమ్ములకు కూడా తాళాలుండేవి. ట్యాంకరు వచ్చిన పొద్దున అందరూ అక్కచెల్లెళ్లే, అది పోయిన మూడో నాటికి ఒకరి మూత మీద ఒకరి కన్ను.

నాయన దీనికి ఇంకో ఉపాయం కనిపెట్టాడు. మేం ఇంట్లోనే ఉండి, గేటు కడ్డీల మధ్య నుంచి చెయ్యి బయటికి పెట్టి, తాళం వీధి వైపు వేలాడేట్టు వేసేవాళ్లం. దారిన పోయేవాళ్లకి ఇంట్లో ఎవరూ లేరనే అనిపిస్తుంది, బిందె పట్టుకుని ఎవరూ అడగరు. ఆ తాళం వేయడంలో నా చెయ్యి ఎంత తిరిగిపోయిందంటే, కుచ్చు ముడి వేసినంత సులువుగా, చూడకుండానే వేసేదాన్ని.

పన్నెండేళ్ల కిందటి ఆ ఎండాకాలం ట్యాంకరు పదకొండు రోజులు రాలేదు. నాయన ఎవరిదో దినానికి కంబదూరు పోయాడు. సంపులో మోకాలి లోతు నీళ్లున్నాయి. పొద్దున తొమ్మిదప్పుడు గోడకవతల అక్క గేటు దగ్గరకొచ్చింది. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. వాళ్ల కూతురు తొలి కాన్పై, ఆసుపత్రి నుంచి ఆ రోజే ఇంటికొచ్చింది.

"మ్మే, ఉండావా?" అని పిలిచింది. "తల్లికీ బిడ్డకీ నీళ్లు పోయల్ల. రెండు బిందెలియ్యి చాలు. ట్యాంకరొస్తూనే తిరిగి పోస్తా."

తలుపు వెనకే నిలబడి ఉన్నాను. బయట తాళం వేలాడుతోంది. ఒక అడుగు ముందుకు కూడా వేశాను. కొంగున తాళంచెవుల గుత్తి ఉంది, దాన్ని పిడికిట్లో బిగించి అక్కడే ఆగిపోయాను. ఈమెకిస్తే రేపు ఇంకొకరు వస్తారు, నాయన వచ్చి ఏమంటాడో, ట్యాంకరు ఇంకెన్నాళ్లకో, ఇలాంటివన్నీ మనసులో వరసగా వచ్చాయి. అన్నీ నిజాలే. అయినా అది తప్పేనని అప్పుడే నాకు తెలుసు. ఆమె కాసేపు నిలబడింది. ఇంకోసారి పిలవలేదు. ఖాళీ బిందెలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు గోడ వెంబడి దూరమైంది.

నాయన వచ్చాక చెప్పాను. "మంచి పని చేసినావు" అన్నాడు. ఆ పూట సంగటి మాత్రం సగం ముద్ద వదిలేశాడు.

ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడటం మానేసి ఉంటే బాగుండేది. మానలేదు. వీధిలో కనబడితే "తింటివా?" అంటుంది, పండగనాడు "కొత్త చీరా?" అంటుంది. కానీ మా గేటు మళ్లీ ముట్టుకోలేదు, నన్ను ఏమీ అడగలేదు. ఆమెకు తెలిసి అలా ఉందా, తెలియకే ఉందా అన్నది పన్నెండేళ్లూ నాకు అంతుపట్టలేదు. ఆ రోజు నీళ్లు పోయాల్సిన బిడ్డ ఇప్పుడు సైకిలు తొక్కుకుంటూ బడికి పోతుంది. ఆ పిల్ల ఎత్తు చూస్తే నాకు నా తప్పు వయసు తెలుస్తుంది.

నాయన పోయాక ఇల్లు మరీ నిశ్శబ్దమైంది. అడగడానికి వచ్చేవాళ్లు లేరు, పొమ్మనడానికి నాయనా లేడు. బయటి తాళం మాత్రం రోజూ వేస్తూనే ఉన్నాను. పొద్దంతా ఇంట్లో మిషను చప్పుడే తప్ప మనిషి మాట ఉండేది కాదు. కొన్నిసార్లు కుచ్చులు లెక్కపెట్టేటప్పుడు కావాలని గట్టిగా లెక్కపెట్టేదాన్ని, నా గొంతు నేను వినడానికి.

పోయిన సంవత్సరం వాన మూడు రోజులు ఆగకుండా పడింది. రెండో రోజు చెరువు నిండి మరవ పోతోందని కబురొచ్చింది. నిండిన చెరువు నీళ్లు కట్ట పక్క నుంచి పొర్లి దుమకడం మా వాళ్లకి పండగే. వీధి వీధంతా పసుపు, కుంకుమ, టెంకాయలు పట్టుకుని గొడుగుల్లో బయల్దేరాం. నేనూ కొట్టాను ఒక టెంకాయ. ఆ నీళ్లు ఎటు పోతాయని మాలో ఒక్కరూ అడగలేదు. నీళ్లు రావడమే తెలిసినవాళ్లం కాదు, ఇక పోవడం గురించి ఏం తెలుస్తుంది?

మరుసటి రోజు తెల్లవారాక మిద్దె గొట్టంలోంచి నీళ్లు సంపులో దూకుతుంటే సంతోషంగా మూత తీసి పెట్టాను. వాకిలంతా గిన్నెలూ బిందెలూ వరసగా పేర్చాను. అరగంటకి గేటు కింద నుంచి ఎర్రటి నీళ్లు రావడం మొదలైంది. వాననీళ్లు కావవి, వంక నీళ్లు. నాయన చెప్పినట్టే ఒక్క చుక్క కూడా వీధిలోకి పోకుండా అన్నీ లోపలికే వచ్చాయి. సంపు నిండింది, పొంగింది, గడప దాటింది. పేర్చిన బిందెలు ఒక్కొక్కటే తేలి ఇంట్లోకి వచ్చాయి. ఊళ్లోవాళ్ల పట్టుచీరలు అటక మీదికి ఎక్కించేసరికి నీళ్లు మోకాళ్లు దాటాయి.

గేటు దగ్గరకు పోయాను. నడుం లోతు. తాళం బయట వైపు నీళ్ల అడుగున ఉంది. కడ్డీల మధ్య నుంచి చెయ్యి పెట్టి తడుముతూ చెవి దూర్చబోతే చేతివేళ్లు మొద్దుబారి గుత్తి జారిపోయింది. ఇరవై ఏళ్లుగా కళ్లు మూసుకుని వేసిన తాళం, తీయాల్సిన రోజున తీయలేకపోయాను. వెనక్కి పోయి మెట్లెక్కి మిద్దె మీద చేరాను.

ఎనిమిదప్పుడనుకుంటా, ట్రాక్టరొకటి వచ్చింది. వీధి మొదట్లో నిలిపి, నలుగురు తాడు పట్టుకుని ఒక్కో ఇంటి దగ్గర ఆగుతూ మనుషుల్ని ఎక్కిస్తున్నారు. గోడకవతల అక్కా, కూతురూ, మనవరాలూ ఎక్కడం చూశాను. మా గేటు దగ్గరకు ఇద్దరు వచ్చారు. ఒకతను నీళ్లలో చెయ్యి పెట్టి తాళం పట్టుకుని ఊపి చూశాడు.

"తాళమేసి ఉండాది. ఎవురూ లేరప్పా, పాండి."

నేను అరిచాను. వాన చప్పుడు, ట్రాక్టరు చప్పుడు. పిట్టగోడ మా వాళ్లు కట్టినంత ఎత్తుగా ఎవరూ కట్టరు, వాన బయటికి పోకూడదని. దాని వెనక నేను కనబడలేదు. చీర కొంగు ఊపాను, గిన్నె విసిరాను. ట్రాక్టరు వెనక్కి తిరిగి పోయింది. వీధిలో మిగిలింది నేనొక్కదాన్నే.

గోనెపట్ట కప్పుకుని కూర్చున్నాను. భయం కొంతసేపే వేసింది. ఆ తర్వాత వేసింది వేరే. నేను లేనట్టే అందరూ అనుకోవాలని ఇన్నేళ్లు తాళం వేశాను, చివరికి అందరూ నమ్మారు. ఇప్పుడు నేను పోతే, అటక మీద చీరల కోసం వచ్చినవాళ్లే ముందు కనుక్కుంటారనిపించింది. ఏడ్చాను. వినేవాళ్లు లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

పదిన్నర ప్రాంతంలో ట్రాక్టరు మళ్లీ వచ్చింది. ఈసారి నేరుగా మా గేటు దగ్గరకే వచ్చి, గడ్డపారతో తాళం కొట్టి తీశారు. తాడు నా నడుముకి కడుతూ ఆ మనిషి అన్నాడు.

"నీ పక్కింటామె చెప్పకుంటే మేం తిరిగి రాకుంటిమమ్మా. బడికాడ అందర్నీ లెక్కబెట్టి, నువ్వు లేవని ఒకటే పోరు. తాళముండాదంటే 'ఆ తాళం నమ్మొద్దండప్పా. ఆ ఇంటికి బయట తాళముంటే లోపల మనిషుండాదని అర్థం' అనె."

నీళ్లలో నడుస్తున్నంతసేపూ ఆ మాటే వినబడింది. అయితే ఆమెకు తెలుసు. మొదట్నుంచీ తెలుసు. నా అబద్ధం తెలిసిన మనిషి ఒక్కతే ఉంది కాబట్టే నేను బతికాను.

బడిలో ఆమె నా దగ్గరకొచ్చి ఉగ్గాని ప్లేటు చేతిలో పెట్టి "తిను" అంది. అంతే. పోయి మనవరాలి తల తుడుస్తూ దూరంగా కూర్చుంది. నేను ప్లేటు పట్టుకుని ఆమె వైపే చూస్తున్నాను. 

నీళ్లు తగ్గాక వీధంతా మోకాలెత్తు బురద. వరదొచ్చిన ఊళ్లో తాగడానికి నీళ్లు లేవు, ఈమధ్యే వేసిన కొళాయిలు చెడిపోయి మళ్లీ ట్యాంకర్లే. వీధిలో పెద్ద సంపు మాదే కాబట్టి అయిదుగురు దిగి రెండు రోజులు బురద తోడి, బ్లీచింగ్ వేసి కడిగారు. ట్యాంకరు నీళ్లు అందులో నింపి వీధంతా తోడుకునేట్టు ఏర్పాటు చేశారు. నెలన్నర పాటు మా గేటు బార్లా తెరిచే ఉంది. పొద్దున లేస్తే వాకిట్లో మనుషులు, బిందెలు, అరుపులు. "అక్కా, కాపీ తాగినావా?" అని ఒకరు, "ఈ చేదతాడు కట్టిందెవురు, గుడ్డోళ్లు గూడ ఇంతకన్నా బాగ కడతారు" అని ఇంకొకరు. ఒకామె మా ఇంట్లో చీపురు తీసుకుని అడక్కుండానే గదులు కడిగి పోయింది. ఆ నెలన్నర నేను కుచ్చులు గట్టిగా లెక్కపెట్టాల్సిన పని లేకపోయింది.

మా సంపులో నీళ్లు తోడనిది ఒక్కతే, గోడకవతల అక్క. పక్క వీధి ట్యాంకరు దగ్గరకు పోయి వరసలో నిలబడి, రెండు బిందెలు మోసుకుంటూ మా గేటు ముందు నుంచే పోయేది. తీసిన గేటు ముందు నుంచి. "అక్కా, ఈడ ఉండాయి గదా నీళ్లు" అని ఒకసారి అన్నాను. "ఉండనీలే" అంది, నడక ఆపకుండా. ఆ పొద్దంతా నాకు అన్నం సయించలేదు.

కొళాయిలు బాగయ్యాక జనం రావడం మానేశారు. మేస్త్రీని పిలిచి గోడకి కింద రంధ్రం పెట్టించాను, నీళ్లు బయటికి పోయేట్టు. నాయన ఉంటే నన్నూ మేస్త్రీనీ కలిపి వీధిలోకి తోసేవాడు. అటక మీద సంచీ ఒకటి కట్టిపెట్టాను. అందులో బొరుగులు, వేయించిన శనక్కాయలు, టార్చిలైటు, తాడు, ఈల ఉన్నాయి. ఈల కొన్న రోజు ఇంట్లో ఊది చూశాను. బాగా మోగింది. గోడకవతల నుంచి ఎవరైనా "ఏమాయె?" అంటారేమోనని కాసేపు చూశాను. ఎవరూ అనలేదు. కొత్త తాళం కొన్నాను. గేటు తెరిచి పెట్టాలనే అనుకున్నాను, నెల తిరిగేసరికి చెయ్యి కడ్డీల మధ్య నుంచి దానంతటదే బయటికి పోయింది.

ఆ సచివాలయం పిల్లని కసిరిన రోజే మధ్యాహ్నం ఫారం, కొత్త తాళం రెండో చెవీ చేత్తో పట్టుకుని గోడకవతలకి పోయాను. నలభై అడుగులుండదు. పన్నెండేళ్లలో నేనూ ఆ గడప తొక్కలేదు. ఆమె కటాంజనం వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"అక్కా, ఆ పొద్దు నేను ఇంట్లోనే ఉండాను" అన్నాను. ఏ పొద్దో చెప్పలేదు. ఆమె అడగలేదు. "తలుపెనకాలే ఉండాను. నీళ్లూ ఉండె. తాళంచెవి నా కొంగునే ఉండె."

గింజ తీసి పక్కన పడేసింది. "తెలుసులేమ్మే. గలగలమనె గదా."

ఆ ఒక్క అడుగు. నేను ముందుకు వేసి ఆగిపోయిన ఆ అడుగు. పన్నెండేళ్లూ ఆమె చెవుల్లో ఉంది. అక్కడే నేల మీద కూర్చున్నాను.

"మల్ల ఆ వరదనాడు ఎందుకు చెప్తివి, నేను లోపలుండానని?"

"చెప్పక? నీళ్లియ్యలేదని నిన్ను నీళ్లలో వదిలేస్తానా?" అని నా వైపు మొదటిసారి సూటిగా చూసింది. "మరిచిపోయినా అనుకోవద్దు. మరిచిపోలా."

"మరిచిపోవద్దులేక్కా" అన్నాను. కళ్లు తుడుచుకుని ఫారం ముందుకు జరిపాను. "ఇందులో నీ పేరు రాసుకోనా? నువ్వు వద్దంటే ఖాళీగా ఇచ్చేస్తా."

ఆమె చింతపండు పళ్లెం పక్కకి నెట్టి, చేతులు తుడుచుకుంది. "నా ఫారం ఇచ్చి పది దినాలాయె. ఆ గడిలో నీ పేరే రాసినా."

అర్థం కాలేదు. "నీ తాళంచెవి నా దగ్గర లేదు గదక్కా."

"ఎట్లుంటాది? ఇచ్చేదానికి రెండు తూర్లొచ్చినా. నీ గేటుకి తాళం యాలాడతాండె."

"పిలిస్తే వచ్చేదాన్ని గదా!"

"పిలవలేదు. ఒకతూరి పిలిచినా గదా, చాలు."

కొంగు ముడి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది. పది రోజులుగా ముడేసుకునే తిరుగుతోంది.